సుట్టాలొస్తే దాచే తిండి

2021 చలికాలంలో ఒక ఆదివారం, రెన్ నగరంలోని మా అపార్ట్‌మెంట్ వంటింట్లో నాకు మొదటిసారి సంగటి సరిగ్గా కుదిరింది. అంతకుముందు నాలుగైదు సార్లు ప్రయత్నించాను. ఒకసారి ఉండలు కట్టింది. ఒకసారి జావయింది. ఇంకోసారి అడుగంటి, పొగకు అలారం మోగి, పక్క ఫ్లాట్ పెద్దాయన వచ్చి తలుపు తట్టాడు. ఆ రోజు మాత్రం ముద్ద నున్నగా, తడిచేతికి అంటకుండా వచ్చింది. పక్కన శెనక్కాయల ఊరిబిండి, ఉల్లిపాయ. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. అంతటితో ఆగక, పాకాల దగ్గర మా పల్లెలో ఉన్న అవ్వకు వీడియో కాల్ చేశాను.

అవ్వ ఫోన్‌ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"ఏంది నాయనా అది, సంగటా?"

"అవునవ్వా. నేనే కెలికినా."

"ఆడ బియ్యం దొరకవా?"

నవ్వొచ్చింది. ఎందుకు దొరకవు, బాస్మతి దొరుకుతుంది, థాయ్ బియ్యం దొరుకుతాయి, ఈ రాగిపిండే దొరకదు, దీనికోసం పారిస్ దాకా పోయి లా షపెల్ వీధిలో శ్రీలంక తమిళుల అంగట్లో 'కురక్కన్ పిండి' అని అడిగి తెచ్చుకున్నాను అని గొప్పగా చెప్పాను.

"మరి ఇదేం ఖర్మ నీకు? సంగటి తినేదానికా అంత దూరం పొయ్యింది?" అని ఫోన్ అమ్మ చేతికిచ్చేసింది.

అమ్మ ఏదో సర్దిచెప్పింది. నేనూ ముసలామె చాదస్తమనుకుని నవ్వుకున్నాను. కానీ ఆ ప్రశ్న ఆ తర్వాత నన్ను వదల్లేదు. ఒకళ్ళు గత్యంతరం లేక తిన్నదాన్ని ఇంకొకళ్ళు ముచ్చటపడి తినడంలో తప్పేమైనా ఉందా? ఉంటే, ఆ తప్పు సరిగ్గా ఎక్కడుంది? ఇదీ నన్ను పట్టుకున్న ప్రశ్న.

*

సంగటి తెలియనివాళ్ళకు రెండు మాటలు. నూకలు మెత్తగా ఉడికించి, ఎసరు ఇంకా ఉండగానే మధ్యలో రాగిపిండి కుప్పగా పోసి, కట్టెతో గుంటలు పొడిచి, మూతపెట్టి సన్న మంట మీద మగ్గనిస్తారు. తర్వాత దించి, గిన్నె కదలకుండా అదిమిపట్టి సంగటికట్టెతో కెలుకుతారు. పదిమందికి సరిపడా కెలకాలంటే భుజాలు పడిపోతాయి. ముద్దను నమలరు, పులుసులో అద్దుకుని మింగుతారు. రాగుల్నే కోస్తాలో చోళ్ళంటారు, తెలంగాణలో తైదలంటారు.

ఏ వంటల వీడియోలోనూ చెప్పని సంగతి ఒకటుంది. నూకలెన్ని, పిండెంత? నేను అవ్వను ఈ కొలతే అడిగాను, ఇంజనీరుని కదా. "ఇంట్లో ఎన్నుంటే అన్ని" అంది. బియ్యం ఉన్న రోజు నూకలు ఎక్కువ పడతాయి, ముద్ద తెల్లబడుతుంది. లేని రోజు పిండి ఎక్కువ పడుతుంది, ముద్ద నల్లబడుతుంది. ఫలానా వాళ్ళింట్లో సంగటి నల్లగా ఉంటుందని అంటే ఆ ఇంటి ఆస్తిపాస్తులు మొత్తం చెప్పేసినట్టే. నేను రెన్‌లో 'అసలైన రుచి' కోసం నూకలు తగ్గించి పిండి పెంచుతూ పోయాను. అంటే తెలియకుండానే మా ఇంటి చరిత్రలో అత్యంత పేద రోజు ఏదో దాని దగ్గరికి కొలత సరిచేసుకుంటూ పోయానన్నమాట.

అవ్వ 1950ల చివర్లో కాపురానికి వచ్చింది. మాది చిన్న రైతు కుటుంబం. చెరువు కింద అరెకరం మడి, మిగిలినదంతా వానకు ఎదురుచూసే మెట్ట. మెట్టలో శెనక్కాయ, రాగి. మడిలో పండిన వడ్లు అప్పుల వాళ్ళకీ, అంగడికీ పోయేవి. రాగులు ఇంట్లోకి వచ్చేవి. వరి పండించినవాళ్ళకు వరి అన్నం పండక్కే. ఎప్పుడైనా చుట్టాలు వస్తున్న అలికిడైతే అవ్వ వాళ్ళత్త సంగటి గిన్నె మీద గంప బోర్లించేదట. పెరటి దారిన పక్కింటికి పోయి శేరు బియ్యం బదులు తెచ్చి, చుట్టాలకు అన్నం వండేదట. "సుట్టాలొస్తే దాచే తిండిరా అది. నువ్వేమో ఫొటో తీసి అందరికీ సూపిస్తా ఉండావు" అని అవ్వ తర్వాతొకసారి అంది. కోపంగా కూడా కాదు, ఆశ్చర్యంగా.

ఇందులో ఇంకో మెట్టు కూడా ఉంది. శెనక్కాయ పెరికే రోజుల్లో మా చేలోకి కూలికి వచ్చినవాళ్ళకు పెట్టింది కూడా సంగటే. దాన్ని ఎవరి దగ్గరా దాచలేదు. చుట్టాల ముందు సిగ్గుపడాల్సిన తిండి, కూలివాళ్ళకు మాత్రం చాలినంత మర్యాద అయింది. అందులో దళితవాడ నుంచి వచ్చినవాళ్ళకు ముద్దను చేతికి తగలకుండా పైనుంచి జారవిడిచేవాళ్ళని అమ్మ చెప్పింది, అదీ నేను రెండుసార్లు గుచ్చి అడిగితే. కాబట్టి 'మా సంగటి' అని నేను అన్నప్పుడు ఆ 'మా'లో ఎంతమంది, ఏ వరసలో కూర్చున్నారో కూడా చెప్పాలి. ఒకే గిన్నెలోంచి వచ్చిన ముద్దే. తిన్న చోటు, పెట్టిన తీరు వేరు.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకం మీద ఆర్థికవేత్తలు రాసిన మంచీ చెడూ చాలా ఉంది. మెట్ట పంటల్ని అది దెబ్బకొట్టిందన్న విమర్శ నేనూ ఒకప్పుడు హాస్టల్ గదిలో కూర్చుని చేశాను. అవ్వ దగ్గర ఆ మాటెత్తితే ఆమె చెప్పింది వేరు. రేషన్ బియ్యం వచ్చిన మొదటి నెల ఆమె వరసగా వారం రోజులు రెండుపూటలా బువ్వే వండిందట. కూర లేకపోయినా సరే. "తెల్లగా పొగలు వస్తా ఉంటే సూసుకుంటా కూసున్యా" అంది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి.

వరికీ మెట్ట ధాన్యాలకూ మధ్య ఉన్న ఈ ఎక్కువ తక్కువలు కొత్తవి కావు. పల్నాటి జొన్నన్నాన్ని వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేరు మీద ఇప్పటికీ చలామణీలో ఉన్నాయి. సన్నన్నానికి అలవాటుపడ్డ నోరు వాటిలో తెలిసిపోతుంది. అటు కన్నడంలో 16వ శతాబ్దపు కనకదాసు 'రామధాన్య చరిత్రె'లో రాగినీ వరినీ ఎదురెదురుగా నిలబెట్టి తగవు పెట్టాడు. రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తే వరి చెడిపోయింది, రాగి చెక్కుచెదరలేదు. తీర్పు రాగి పక్షాన వచ్చింది. అది కులాల మధ్య తగవే అని చదివినవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. మా తిరుపతిలో అయితే పుస్తకాల దాకా పోనక్కర్లేదు. కొండ మీద స్వామికి కొత్త మట్టి ఓటిలో పెరుగన్నం. ఆయన చెల్లెలని ఊరంతా చెప్పుకునే తాతయ్యగుంట గంగమ్మకు జాతరలో అంబలి. జాతరకు అన్నగారి తరఫున కొండ మీదినుంచి సారె కూడా వస్తుంది. అయినా ఎవరి నైవేద్యం వాళ్ళదే.

*

రెన్, ఫ్రాన్స్ వాయవ్య కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతానికి ముఖ్యపట్టణం. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక, శనివారం పొద్దున లీస్ సంతకు పోవడం అలవాటయింది. మొదటిసారి పోయినప్పుడు, ఒక బండి దగ్గర పెద్ద ఇనుప పెనం మీద ఒకావిడ నల్లటి పిండితో దోశలాంటిది పోస్తోంది. పెనాన్ని బ్రెటన్ భాషలో 'బిలిగ్' అంటారు. పిండిని పరిచే చిన్న కర్ర, ఇంగ్లీషు 'టీ' అక్షరంలా ఉంటుంది, దాని పేరు 'రోజెల్'. వచ్చే అట్టు పేరు గాలెత్. దాంట్లో వేడి సాసేజ్ చుట్టి చేతికిస్తారు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు ఊరంతా అదే తింటుంది. నేను సాసేజ్ వద్దని ఉత్త గాలెత్ తీసుకుని కొరికాను. రాగిదోశ కాదు. కానీ రాగిదోశకు మేనత్త కూతురిలా ఉంది. అదే మట్టివాసన, అదే చిరుచేదు.

ఆ పిండి 'సారజాఁ'ది. సారసెన్ల పేరు మీద, అంటే అరబ్బుల పేరు మీద, నల్లగా ఉందని పెట్టిన పేరు. ఇంకో పేరు 'బ్లే న్వార్', నల్ల గోధుమ. నిజానికి అది గోధుమ కానే కాదు. మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. చైనా వైపు నుంచి బయల్దేరి, మధ్యయుగాల చివరికి బ్రిటనీ చేరింది. సారం లేని నేలల్లో కూడా మూడు నెలలకు కాస్త అటూ ఇటూగా చేతికొస్తుంది. ఇక్కడి రైతులు గోధుమ పండించి శిస్తులకూ కౌళ్ళకూ అమ్ముకుని, ఇంట్లో ఈ నల్లపిండి తినేవాళ్ళు. తెల్ల రొట్టె పెద్దింటివాళ్ళ తిండి. ఇది చదివినప్పుడు మా చెరువు కింద మడీ, మెట్టలో రాగీ గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? పాతకాలం వాళ్ళు గాలెత్‌ని 'లె రిబో'లో ముంచుకుని తింటారని తెలిశాక మరీ నవ్వొచ్చింది. లె రిబో అంటే వెన్న తీసిన మజ్జిగ. సంగటీ మజ్జిగా కలుపుకున్నవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా టీమ్‌లో ఒక బ్రెటన్ మిత్రుడున్నాడు. 2022 వసంతంలో తన అమ్మమ్మ దగ్గరికి, ఫినిస్తేర్‌లోని ఒక పల్లెకు తీసుకుపోయాడు. అక్కడి వంట 'కిగ్ హా ఫార్జ్'. బ్రెటన్‌లో మాంసమూ పిండీ అని అర్థం. నల్లపిండిని గుడ్లు, పాలు, వెన్నతో కలిపి గుడ్డసంచిలో కట్టి, మాంసం, క్యారెట్, క్యాబేజీ ఉడుకుతున్న కుండలో వేలాడేసి గంటల తరబడి ఉడికిస్తారు. తర్వాత సంచిని బల్ల మీద దొర్లించి పిండిని పొడిపొడిగా విడగొడతారు. మామూలుగా అందులో పంది, గొడ్డు మాంసాలు పడతాయి. నేను తిననని మిత్రుడు ముందే చెప్పినట్టున్నాడు. ఆ పెద్దావిడ నాకోసం విడిగా ఇంకో కుండలో కోడిని వేసి, ఒక చిన్న సంచి అందులో ఉడికించింది.

మనవడు ఊరుకోలేదు. "అమ్మమ్మా, కోడితో చేస్తే అది అసలు కిగ్ హా ఫార్జ్ కాదు కదా" అన్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, తన చిన్నప్పుడు మాంసం కొన్ని ఆదివారాలే ఉండేదని, మిగతా రోజుల్లో కుండలో ఏముంటే అదేనని, 'అసలు' అన్నమాట ఆ రోజుల్లో ఎవరికీ తీరిక లేదని చెప్పింది. తర్వాత నావైపు తిరిగి ఒక మాట అంది. పరాయిదేశం నుంచి వచ్చిన అతిథికి ఇది పెట్టానని తెలిస్తే తన తల్లి తల కొట్టుకునేదట. అతిథి వస్తే తెల్ల రొట్టె కొనుక్కొచ్చేవాళ్ళట. నల్ల పిండి ఇంటివాళ్ళకే.

నా చేతిలో చెంచా ఆగిపోయింది. ఆవిడ వయసు ఎనభై పైనే, మా అవ్వ వయసే. ఇద్దరికీ మధ్య సముద్రాలున్నాయి. ఇద్దరిళ్ళలోనూ అతిథి వస్తే దాచే గిన్నె ఒకటుంది. తేడా ఒక్కటే. ఈవిడ ఆ గిన్నె మీది గంప తీసి, నవ్వుతూ నాకు వడ్డించగలుగుతోంది. మా అవ్వ వడ్డించలేకపోతోంది. ఎందుకు?

*

తిరిగి వచ్చాక మిత్రుడు నాకొక పుస్తకం ఇచ్చాడు. పియేర్ జాకెజ్ ఎలియాస్ రాసిన 'లె షెవాల్ దోర్గెయ్'. 'ఆత్మాభిమానమనే గుర్రం' అనుకోవచ్చు. 1914లో బ్రిటనీలోని ఒక పల్లెలో, పేద రైతు కుటుంబంలో పుట్టిన మనిషి, తన బాల్యపు తిండీ బట్టా బడీ భాషా అన్నీ పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. 1975లో వచ్చిన ఆ పుస్తకం ఫ్రాన్స్ అంతటా లక్షల్లో అమ్ముడుపోయింది. 1980లో షబ్రోల్ సినిమా తీశాడు. అందరికీ నచ్చింది, కానీ బ్రిటనీలోనే ఒక కవికి మండిపోయింది. జావియే గ్రాల్ అనే ఆయన 1977లో 'పడుకున్న గుర్రం' అని పేరు పెట్టి ఒక పుస్తకమే రాసి ఎదురుతిరిగాడు. బతికున్న బ్రిటనీని ఎలియాస్ మ్యూజియంలో బొమ్మ చేసి పెట్టాడనీ, పారిస్ పాఠకుడు సోఫాలో కూర్చుని మన పేదరికాన్ని ముచ్చటగా చదువుకుంటున్నాడనీ ఆయన బాధ.

నా ఫ్రెంచ్ ఈ రెండు పుస్తకాలకూ పూర్తిగా చాలదు. ఎలియాస్‌ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను, గ్రాల్‌ని అక్కడక్కడా. అయినా వాదం అర్థమైంది, ఎందుకంటే అది మనకూ ఉంది. నామిని 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు' చదివి మనలో ఎంతమందిమి పొట్ట చెక్కలయ్యేలా నవ్వలేదు? ఆ నవ్వు ఎవరిది, ఎవరి ఆకలి మీద? నామిని తన ఊరి మధ్యలో నిలబడి రాశాడు కాబట్టి ఆయన్ని ఈ ప్రశ్న అంత సులభంగా తాకదు. చదివే మనల్ని తాకుతుంది. ఎలియాస్ కూడా నల్లపిండి తిన్నవాడే కాబట్టి దాన్ని ప్రేమగా రాసే హక్కు ఆయనకుంది. గ్రాల్ కోపం, నాకు అర్థమైనంతలో, ఎలియాస్ మీద కన్నా ఆ ప్రేమను అరువు తెచ్చుకున్న పాఠకుడి మీద ఎక్కువ నిలబడుతుంది. ఇక్కడ ఆ పాఠకుడు నేనే.

అమర్త్య సేన్ ఒక తేడా చెబుతాడు. ఉపవాసమున్నవాడూ తిండిలేక మాడుతున్నవాడూ ఇద్దరి కడుపులూ ఖాళీయే. కానీ మొదటివాడు తినగలిగీ తినలేదు. రెండోవాడికి ఆ దారే లేదు. పళ్ళెంలో ఏముందో చూసి ఆ తేడా చెప్పలేం, తినేవాడి ముందు ఇంకేమేం దారులున్నాయో చూడాలి. మా భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ ఒకటే, దాన్ని తెచ్చిన షరతులు వేరు. ఈ లెక్కన నేను రెన్‌లో చేసుకున్నదీ అవ్వ పాతికేళ్ళు కెలికిందీ ఒకే పని కాదు. నేను 'మా అవ్వ తిన్నదే తింటున్నాను' అన్నప్పుడు పిండి సంగతి నిజం, మిగిలినదంతా అబద్ధం.

ఫ్రెంచి సామాజికవేత్త బూర్దియూ ఇంకో అడుగు ముందుకు పోయాడు. ఆయనా నైరుతి ఫ్రాన్స్ పల్లెటూరి నుంచి, చిన్న కుటుంబం నుంచి వచ్చినవాడే. 1979 నాటి 'లా దిస్తాంక్సియోఁ'లో అవసరం నేర్పిన రుచి వేరు, తీరిక నేర్పిన రుచి వేరు అన్నాడు. పేదవాళ్ళు దొరికినదాన్నే ఇష్టపడటం నేర్చుకుంటారు. ఉన్నవాళ్ళు దొరికినవాటిలోంచి ఏరుకుని, ఆ ఏరుకోవడాన్నే తమ గొప్పతనం చేసుకుంటారు. హైదరాబాదులో రాయలసీమ పేరు పెట్టుకున్న హోటళ్ళు గుర్తుకు తెచ్చుకోండి. సంగటి పక్కన నాటుకోడి పులుసు ఉండాల్సిందే. మా అవ్వకు కోడి జాతరకో, అల్లుడొస్తేనో. మిగిలిన రోజుల్లో ఊరిబిండి, చింతాకు పులుసు, అదీ లేకపోతే పచ్చిమిరపకాయా ఉప్పూ. మెనూకార్డు ఆ మిగిలిన రోజుల్ని మింగేసింది.

*

ఇక్కడిదాకా వచ్చాక ఎవరైనా అడగొచ్చు, నేనూ నన్ను అడుక్కున్నాను. అయితే ఏంటి, తినకూడదా? పేదవాళ్ళు తిన్నారు కాబట్టి సంగటి ఒక తరంతో సమాధి అయిపోవాలా? అలా అయితే ఆ వంటలో ఉన్న నేర్పూ పోతుంది కదా? ఉండకట్టకుండా కెలకడం, పొయ్యి మీది చప్పుడు విని ఉడికిందో లేదో చెప్పడం, రాయిలాంటి నేలలోంచి గింజ తీయడం, ఇవన్నీ ఉత్త దరిద్రమేనా? పైగా ఇవాళ కొనేవాళ్ళుంటేనే రాగి పండించే రైతుకు నాలుగు డబ్బులు. బ్రిటనీలో నల్లపిండి పంట 20వ శతాబ్దంలో దాదాపు కనుమరుగై మళ్ళీ లేచిందంటే, ఊళ్ళలో గాలెత్ అంగళ్ళు కిటకిటలాడటం అందుకు ఒక కారణం.

ఈ అభ్యంతరం బలమైనదే. నేను ఒప్పుకుంటాను. తినడంలో తప్పు లేదు. అసలు ఏ తిండీ ఎవరి సొంతమూ కాదు. రాగి ఆఫ్రికా మెట్టల నుంచి వచ్చింది, ఊరిబిండిలో శెనక్కాయా మిరపకాయా రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. హద్దులు గీయడం మొదలుపెడితే నా పళ్ళెంలో ఉప్పు మిగులుతుంది.

తప్పు తిండితో పాటు చెప్పే కథలో ఉంది. 2018లో మన ప్రభుత్వం వీటిని పోషక ధాన్యాలంది. 2023 బడ్జెట్‌లో 'శ్రీ అన్న' అని పేరు పెట్టింది. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం. మంచిదే. కానీ ఆ హోరులో ఒక వాక్యం అందరి నోళ్ళలోనూ పడింది: మన పెద్దలు ఎంత తెలివైనవాళ్ళో, ఆరోగ్యం కోసం ఇవి తిన్నారు, మనమే తెల్లన్నానికి మరిగి చెడిపోయాం. ఈ వాక్యం చాలా చల్లగా ఉంటుంది. అది అవ్వ గంప బోర్లించిన చెయ్యిని చెరిపేస్తుంది. లేమిని తెలివిగా మారుస్తుంది. ఆమె బియ్యం కోరుకోవడాన్ని చెడు అలవాటుగా మారుస్తుంది. ఆ వాక్యాన్ని నేను నోటితో అన్నాను. అదీ ఎవరితోనో కాదు.

*

2022 వేసవిలో ఇంటికి పోయాను. అవ్వకు షుగర్ బాగా పెరిగి ఉంది. తిరుపతిలో చూపిస్తే డాక్టరు మందులు మార్చి, అన్నం తగ్గించి రాగులు వాడమన్నారు. నాకు లోపల సంబరమయింది. ఇంతకాలం నేను చెబుతున్నదే కదా! దారి పొడుగునా అవ్వకు పాఠం చెప్పాను. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం, బియ్యంలో అందులో ముప్పయ్యో వంతు కూడా లేదు, పీచు ఎక్కువ, మీ కాలం వాళ్ళు గట్టిగా ఉన్నారంటే ఇదే కారణం అన్నాను. అవ్వ కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి నుంచి ఇంట్లో రెండు వంటలు. మా అందరికీ అన్నం, అవ్వకు సంగటి. మూడో రోజు ఆమె పళ్ళెం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"అందురూ బువ్వ తింటా ఉండారు. నాకొక్కదానికే సంగటా?"

"నీ మంచికే కదవ్వా."

"మంచీ లేదు శెడ్డా లేదు. నేను తిన్యాను లే సంగటి. నా వంతుది నేను తినేసినా."

నేను రెన్‌కు వచ్చేశాక కూడా ఫోన్లో కాపలా కాశాను. అమ్మ జాలిపడి ఒకపూట అన్నం పెట్టిందని తెలిస్తే అమ్మను కోప్పడ్డాను. 2023 ఫిబ్రవరిలో అవ్వ పోయింది. గుండె. నిద్రలోనే. షుగర్ వల్లో, ఎనభై ఏళ్ళ వల్లో ఎవరూ చెప్పలేరు. కర్మకాండలకు వచ్చిన చుట్టాలందరికీ తెల్లన్నం వడ్డిస్తుంటే, అమ్మ నా పక్కన కూర్చుని మామూలుగా, నన్నేమీ అనకుండానే చెప్పింది. సంక్రాంతి నాడు అవ్వ పెరుగేసుకుని రెండు ముద్దలు బువ్వ తింటానని అడిగిందట. "నువ్వు తిడతావని ఒకటే పెట్టినా" అంది.

మెత్తగా పట్టిన రాగిపిండి కూడా రక్తంలో చక్కెరను పెంచడంలో అన్నానికి మరీ అంత తీసిపోదని ఆ తర్వాత చదివాను. కానీ ఆ సమాచారం వెనక దాక్కోవడం నాకిష్టం లేదు. రాగులు నిజంగానే దివ్యౌషధం అయినా నేను చేసిన పనిలో లోపం అలాగే ఉండేది. డాక్టరు తన పని తాను చేశారు. ఆమెకు ఏం కావాలో, దేనికి ఎంత మూల్యం చెల్లించడానికి సిద్ధంగా ఉందో అడగాల్సిన పని నాది. నేను అడగలేదు. ఆమె ముఖం తిప్పుకోవడాన్ని తెలియనితనం కింద రాసేసుకున్నాను. నిజానికి ఆ ఇంట్లో సంగటి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినది ఆమెకే. నలభై ఏళ్ళు దాటాక చేతికొచ్చిన ఒక ఎంపికను, సంగటి వద్దనగలిగే స్వేచ్ఛను, ఎనభై ఏళ్ళప్పుడు నేను ప్రేమ పేరు మీద వెనక్కి లాక్కున్నాను. నేను మాత్రం రెన్‌లో నా ఇష్టం వచ్చినప్పుడు సంగటి, ఇష్టం వచ్చినప్పుడు బాస్మతి. సేన్ చెప్పిన తేడా పుస్తకంలో ఎంత తేలిగ్గా అర్థమైందో!

ఫినిస్తేర్ పెద్దావిడ ఎందుకు నవ్వుతూ వడ్డించగలిగింది అన్న ప్రశ్నకు నాకు తోచే జవాబు ఇది. ఆవిడను ఎవరూ మళ్ళీ నల్లపిండి తినమని బలవంతపెట్టలేదు. ఆవిడ బల్ల మీద తెల్ల రొట్టె కూడా ఉంది. పక్కనే, చేతికందే దూరంలో. తెల్ల రొట్టె ఉన్న బల్ల మీదే నల్లపిండి వంట అవుతుంది. లేని బల్ల మీద అది గతి. అవ్వకు ఆ దూరం ఇంకా ఏర్పడలేదు. ఏర్పడే లోపల నేను కాల్షియం లెక్కలు పట్టుకుని వచ్చాను.

సంగటి నేను మానలేదు. మానేస్తే అది ఇంకో రకం నటన. పోయిన నెల టీమ్ వాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. బ్రెటన్ మిత్రుడు ముద్దను చూడగానే తన అమ్మమ్మను తలుచుకున్నాడు. ఇది మా ప్రాంతపు సాంప్రదాయిక వంటా అని ఒకమ్మాయి అడిగింది. అవునన్నాను. తర్వాత, మా ఇంట్లో చుట్టాలొస్తే దీన్ని దాచేవాళ్ళని కూడా చెప్పాను. చేలో పనిచేసినవాళ్ళకు ఎలా పెట్టేవాళ్ళో అది కూడా. నాలుగు నిమిషాల మాట. భోజనాల దగ్గర అంత హాయిగా ఉండే మాట కాదు. ఒకరిద్దరు పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత మిత్రుడు, వాళ్ళ ముత్తవ్వ కొనుక్కొచ్చే తెల్ల రొట్టె సంగతి ఎత్తుకున్నాడు. ఇంకొకతను పోలెండ్‌లోని తన తాతగారి ఊరి సంగతి చెప్పాడు.

ఇప్పుడు సంగటి చేసిన రోజు అన్నం కూడా వండుతున్నాను. తెల్లగా, పొడిపొడిగా, పెద్ద గిన్నెలో. పెరుగు పక్కన. రెండూ బల్ల మీద పెట్టి, ఎవరికి కావలసింది వాళ్ళను వడ్డించుకోమంటాను.